వరస కలిపిన గోడ

ఆ ఏడు పత్తి అమ్ముడుపోయి, జొన్నలు గాదెకెక్కిన వారానికి మా ఊరు రెండుగా చీలింది. అదేం వింత కాదు. కోతలు కాగానే ఏటా చీలుతుంది. కోతలకీ వానలకీ మధ్య మా సుకుమా జాతి ఊళ్లలో నాట్యాల పోటీలు జరుగుతాయి. ఊరికి రెండు దళాలు. ఒకే మైదానంలో అటొకటి, ఇటొకటి, ఒకేసారి డప్పు మొదలుపెడతాయి. చూడటానికొచ్చిన జనం ఎటు మళ్లితే ఆ దళం గెలిచినట్టు. మార్కులు వేసేవాళ్లు ఎవరూ ఉండరు. జనం కాళ్లే తీర్పు చెబుతాయి.

నా ఖర్మ ఏమిటంటే, ఒక దళానికి నాయకుడు మా ఆయన లుహెండె. రెండోదానికి నాయకుడు మా అన్న మహోన. పుట్టింటివాళ్లు గెలిస్తే మెట్టింట్లో ఎవరికీ ముద్ద దిగదు. మెట్టింటివాళ్లు గెలిస్తే పుట్టింటి గుమ్మం తొక్కినప్పుడు మా వదిన మజ్జిగైనా ఇవ్వదు. నా పెళ్లైన దగ్గర్నించీ ఆ ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకోగా నేను వినలేదు. మా ఆయనకి మా అన్న ‘మీవాడు’. మా అన్నకి మా ఆయన ‘మీ ఇంటాయన’. పక్కపక్కన నిలబడినా ఏ మాటైనా నా మీదుగానే పోవాలి. ఊరికి పోస్టాఫీసు లేదుగానీ ఆ ఇద్దరికీ నేనుండేదాన్ని.

మా బడి నాలుగో తరగతితో ఆగిపోయేది. ఐదు చదవాలంటే వాగు దాటి ఇగుంబ అనే ఊరికి పోవాలి. ఎండల్లో ఆ వాగులో ఇసుక తప్ప ఏమీ ఉండదు, మేకలు కూడా నవ్వుకుంటూ దాటతాయి. వాన పడితే మాత్రం అది మనిషిని మనిషిగా చూడదు. మా పెద్దది హోలో ఐదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఇంటికొస్తూ నడివాగులో కాలు జారింది. గట్టుమీద ఆవులు కాస్తున్న మా అన్న దూకి, రెక్క పట్టుకుని లాగాడు. మా ఆయన దొడ్లోంచి ఒక మేకని విప్పి, “మీవాడికి ఇచ్చిరా” అన్నాడు. మా అన్న తాడు అందుకుని, “మీ ఇంటాయన మేక బక్కగా ఉంది” అన్నాడు. ఒక పిల్ల ప్రాణం మీద ఆ ఇద్దరూ మాట్లాడుకున్నది అంతే.

హోలో చదువు ఆ రోజుతో సరి. ఇప్పుడు అది పొరుగూళ్లో ఇద్దరు బిడ్డల తల్లి. చిన్నది కబూలా ఆ ఏడు నాలుగులో ఉంది. మా భాషలో ఆ పేరుకి వానలో పుట్టినదని అర్థం. అది బొగ్గు ముక్క కనిపిస్తే చాలు, గాదె మీద లెక్కలు వేసేది. దాని మాట ఎత్తితే మా ఆయన ఒకటే అనేవాడు. “నాలుగుతో చాలు. ఇంకో పిల్లని వాగుకి ఇవ్వను.” ఆయన మాటలో తప్పు లేదు. తప్పు లేదు గనకే నాకు మరింత మండేది.

ఆ సీజను మొదట్లో బడి టీచరు చౌసికు ఊరినంతా మామిడిచెట్టు కిందకి పిలిచింది. ఆవిడ సముద్రం ఒడ్డు మనిషి, జరామో జాతి. వాళ్లకీ మాకూ తాతల నాటినుంచీ ఎగతాళి వరస. మరదలు బావని ఆడుకున్నట్టు, వాళ్లు మమ్మల్ని ఏమైనా అనొచ్చు, మా వస్తువు ఏదైనా లాక్కుపోవచ్చు. మేం కోప్పడకూడదు. కోప్పడినవాడు పరువు పోగొట్టుకుని పైగా కోడిపుంజు కట్టాలి. ఆవిడ మా ఊరొచ్చిన రోజునుంచీ ఆ వరసని పూర్తిగా వాడుకుంటూనే ఉంది.

“వినండర్రా, ఆవుల వెనకాల పుట్టినవాళ్లారా!” అంది నడుముమీద చేతులు పెట్టుకుని. “రెండు గదులకి కప్పు ప్రభుత్వం వేస్తదంట. దూలాలు, రేకులు, తలుపులు అన్నీ వాళ్లవే. గోడలు మాత్రం మనం లేపాలి, తలుపుల పైన లింటెల్ దాకా. వానల్లోపు లేపామా, జనవరిలో ఐదో తరగతి ఇక్కడే. లేపలేదా, లారీ ఇంకో ఊరికి పోద్ది. ఏమంటారు? మావాళ్లకి డప్పు తోలూ ఆవు తోకా తప్ప ఇంకేం తెలీదని చెప్పేసి రానా?”

“చేప ముల్లు గొంతులో పెట్టుకు పుట్టినవాళ్లు మాకు చెప్పొచ్చారు!” అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నవ్వు అయిపోయాక పనికి ఎవరూ ముందుకి రాలేదు. మా దళంవాళ్లు చెట్టుకి ఎడమవైపు, మా పుట్టింటి దళం కుడివైపు. ఊరిపెద్ద లేచి ఇంటికొక మనిషి శ్రమదానం చెయ్యాలన్నాడు. అది మేం ఏటా వినేదే, ఏ ఏడూ జరగనిదే. వెనక్కి తిరిగి చూస్తే కబూలా చెట్టు వేరుమీద కూర్చుని టీచరమ్మ నోటివైపే చూస్తోంది.

నేను లేచి నిలబడ్డాను. లేచేదాకా ఏం అంటానో నాకూ తెలియదు.

“ఈ ఏడు పోటీ మైదానంలో ఎందుకు? బడి దగ్గర పెట్టండి. ఒక గది వీళ్లది, ఒక గది వాళ్లది. డప్పు కొట్టుకోండి, పాడుకోండి, గంతులెయ్యండి, గోడ మాత్రం లేవాలి. చూడటానికొచ్చిన ప్రతివాళ్లూ వాగు దగ్గర బట్టీలోంచి ఇటుక మోసుకురావాలి. ఎవరి గది దగ్గర దించితే ఓటు వాళ్లకి.”

 రెండు వైపులా ఒకేసారి గోల లేచింది. మా ఆయన ఆ గోల తగ్గేదాకా ఆగి, మా అన్న నాలుగడుగుల దూరంలోనే ఉన్నా, నాతో అన్నాడు.

“మీవాడికి చెప్పు. పరంజా ఎక్కితే కళ్లు తిరుగుతాయేమో, ఇప్పుడే ఒప్పుకోమను.”

“మీ ఇంటాయనకి చెప్పు,” అన్నాడు మా అన్న, అతనూ నాతోనే. “డప్పు మీద పడే దెబ్బ తాపీ మీద పడదు. వేళ్లు జాగర్త అని చెప్పు.”

“మీరిద్దరూ విన్నారు. నేను మళ్లీ చెప్పను” అన్నాను. టీచరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

అయ్యో, ఆ రోజులు! తలుచుకుంటే ఇప్పటికీ నా అరికాళ్లు ఊరుకోవు. రెండు దళాలూ వాగు మలుపులో మట్టి తవ్వాయి. నాట్యంలో పారలు గాల్లోకి ఎగరేసి పట్టుకునేవాళ్లు ఇప్పుడు అవే పారలతో నిజంగా మట్టి కోశారు. డప్పు మోగుతుంటే కాళ్లతో మట్టి తొక్కారు. మా ఆయన మువ్వలు కట్టుకునే మట్టిలోకి దిగాడు. అలా ఎందుకని అడిగితే, “మువ్వ లేకపోతే నా కాలికి మట్టి ఎంత మెత్తబడిందో తెలీదు” అన్నాడు. ఇటుకలు ఎండాయి, బట్టీ కాలింది. పునాది తవ్విన రోజున రెండు దళాలూ మూలల్లో జనాన్ని లాగే మందు పొట్లాలు పాతాయి. టీచరమ్మ వంగి చూసి, “సిమెంటు మానేసి వేర్లు పోస్తున్నారా? గోడ మొలుస్తదేమో, నీళ్లు పొయ్యండి” అంది.

ఆ మందే పనిచేసిందో, డప్పే పనిచేసిందో, చుట్టుపక్కల ఊళ్ల జనం అంతా దిగారు. అత్తలు కోడళ్లని వెంటబెట్టుకుని వచ్చారు. ఎప్పుడూ మంచం దిగని ముసలాళ్లు సైకిళ్ల మీద వచ్చారు. పోటీకి గోడలు కడుతున్నారంటే నమ్మక చూడటానికొచ్చి, నెత్తిన ఇటుకతో నడిచారు. వాగు నుంచి బడిదాకా బాటంతా ఎర్రటి ఇటుకలు నడుస్తున్నట్టే ఉండేది. ఎండబెట్టిన చిలగడదుంప ముక్కలు వేరుశనగలు కలిపి మేం పెద్ద డేగిసాల్లో ఉడికించేవాళ్లం. దించిన గంటకి అడుగు కనిపించేది.

మా అన్న పరంజా మీద నిలబడి మొదటి పాట కట్టాడు.

“ఆవు ఒరుసుకుంటె కూలే గోడా,
మేక గెంతితే దాటే గోడా,
అదిగో మా బావగారి గోడా!”

‘బావగారి’ అన్న ముక్క వినగానే నేను గరిటె వదిలేసి పరంజా వైపు చూశాను. కానీ అది పిలుపు కాదు, పాటలో ఎత్తిపొడుపు. మా ఆయన ఊరుకుంటాడా?

“బడి కట్టమంటే బావి తవ్వేరు,
గోడేదయ్యా అంటే గొయ్యి చూపేరు,
కప్పలు చదివే కాలేజీ రో!”

జనం అటూ ఇటూ పరుగులు. ఇటు పాట బాగుంటే ఇటుకలు ఇటు పడతాయి, అటు గంతు బాగుంటే అటు పడతాయి. నా సంగతి మాత్రం అడక్కండి. నేను ఇటుక నెత్తినెత్తుకుని బయల్దేరితే బాటకి అటూ ఇటూ జనం ఆగి చూసేవాళ్లు. “మిలేంబె ఎటు దించుద్దో చూడండర్రా!” అని కేకలు. నా పేరుకి శాంతి అని అర్థం. మా అత్త ఆ పేరు విన్నప్పుడల్లా, “పేరు శాంతి, నోరు పచ్చిమిరపకాయ” అంటుంది. నేను రోజూ రెండు ఇటుకలు మోశాను. ఒకటి మెట్టింటి గోడ దగ్గర దించి, అదే నడకతో వెళ్లి రెండోది పుట్టింటి గోడ దగ్గర దించేదాన్ని. నా మెడ రెండిళ్ల పరువు మోసింది, కానీ ఒక్క రోజు కూడా నొప్పి అనిపించలేదు. గోడ పెరుగుతుంటే చూడటం అంత బాగుంటుందని నాకు ముందు తెలియదు.

ఆ సంబరంలో ఒక సంగతి అందరం చూస్తూనే ఉన్నాం, అందరం ఊరుకున్నాం. రెండు గదులూ ఆనుకుని ఉండాలి, మధ్యలో ఒకే గోడ. మా ఆయన గదికి మూడు గోడలు లేచాయి. మా అన్న గదికి మూడు గోడలు లేచాయి. మధ్యలో పునాది ఉంది, దానిమీద పిల్లలు కుంటాట ఆడుతున్నారు.

“మధ్య గోడ ఎప్పుడు?” అని మా ఆయన్ని అడిగాను.

“అది మేం కడితే వాళ్లకి ఊరికే ఒక గోడ కట్టిపెట్టినట్టే కదే? అది వాళ్ల పని.”

మా అన్న దగ్గరికి పోయాను.

“మధ్య గోడా? అది మీ ఇంటాయనది. ఆయన గొప్పోడు కదా, కట్టమను.”

టీచరమ్మకి చెప్తే, “నేనూ అడిగా. ఇద్దరూ చివర్లో కడతాం అన్నారు. ఎవరి చివరో చెప్పలేదు” అంది.

లింటెల్ మట్టం చేరిన రోజు నేను అనుకున్నాను, ఇక ఆపుతారు, మధ్య గోడకి వస్తారు అని. ఆ సాయంత్రం మా అన్నవాళ్లు ఒక వరస ఎక్కువ వేశారు. పొద్దున్నే చూసి మావాళ్లు రెండు వేశారు. ఇంక చూడండి. ఇటొక వరస, అటొక వరస. టీచరమ్మ కింద నిలబడి, “చాలురా నాయనా, లింటెల్ దాటి పోయింది” అని గొంతు చించుకుంది. “వాళ్లు ఆపితే మేం ఆపుతాం” అని ఇటునుంచీ, “వాళ్లు ఆపితే మేం ఆపుతాం” అని అటునుంచీ ఒకటే సమాధానం. జనం వెర్రెత్తి ఇటుకలు మోస్తూనే ఉన్నారు. నేనూ మోశాను. అబద్ధమెందుకు, మా గోడ ఒక వరస ఎక్కువైన రోజు నేనూ ఈల వేశాను. చివరికి బట్టీలో బూడిదే మిగిలింది.

జిల్లా నుంచి ఇంజనీరు వచ్చాడు. మోటారుసైకిల్ దిగి, టోపీ తీసి, మెడ వెనక్కి వాల్చి పైకి చూశాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

“ఇది బడా, జిరాఫీల కొట్టమా?”

ఎవరూ నవ్వలేదు. ఆయన లోపలికి వెళ్లి, ఇటు గదిలోంచి నడిచి అటు గదిలోంచి బయటికొచ్చాడు. అడ్డం ఏమీ తగల్లేదు.

“మధ్య గోడ ఏది?”

మా ఆయన మా అన్న గోడని చూశాడు. మా అన్న మా ఆయన గోడని చూశాడు.

“దూలం దేనిమీద ఆనించమంటారు? మీ పాటల మీదా?” అన్నాడు ఇంజనీరు. “గోడలు ఒకదానికొకటి మట్టం లేవు. లింటెల్ పైన ఇంత బరువు ఉంటే నేను కప్పు వెయ్యను. వచ్చే వారం లారీ ఈ దారినే వస్తది. అప్పటికి మధ్య గోడ లేచి, అన్నీ ఒకే మట్టానికి వచ్చాయా, సామాను ఇక్కడ దించుతాను. లేదంటే ముందుకి పోతాను. కప్పుల కోసం గోడలు కట్టుకుని కూర్చున్న ఊళ్లు చాలా ఉన్నాయి.”

“కొత్త ఇటుక కొయ్యాలి, ఎండాలి, కాల్చాలి. వారంలో ఎలాగ సార్?” అన్నాడు ఊరిపెద్ద.

“కొత్తవెందుకు? పైన ఉన్నాయిగా” అని ఇంజనీరు టోపీతో గోడల మీదికి చూపించి, బండెక్కి వెళ్లిపోయాడు.

జనం విడిపోయారు. ఆ రోజు డప్పు మోగలేదు. ఇంటికొచ్చాక కబూలా మా ఇద్దరి ముందూ నిలబడి అడిగింది.

“నాన్నా, మన గోడే ఎక్కువ ఎత్తు. మనమే గెలిచాం కదా. మరి లారీ ఎందుకు రాదు?”

మా ఆయన ముద్ద మధ్యలో ఆపి చెయ్యి కడిగేసుకున్నాడు.

“వినపడిందా?” అన్నాను. “పొద్దున్నే ఎక్కి ఆ పై వరసలు దించండి. మట్టితో కట్టినవే కదా, తాపీ మొన పెడితే వచ్చేస్తాయి.”

“ఇన్ని ఊళ్ల జనం చూస్తుండగా ఎక్కించిన ఇటుకని నా చేత్తో దించమంటావా? ముందు మీవాణ్ణి దించమను.”

“పిల్ల చదువు కన్నా ఎక్కువా మీ ఇటుక?”

 ఆయన ముఖంలో మొండితనం కన్నా బాధే ఎక్కువ కనిపించింది. దిగి వచ్చే దారి లేక చెట్టుమీద ఉండిపోయినవాడిలా ఉన్నాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పుట్టింటికి పోయాను. మా అన్న అదే మాట అన్నాడు, అదే ముఖం పెట్టుకుని. తిరిగొస్తుంటే కోపంతో నా కళ్లు మసకలు కమ్మాయి. దార్లో టీచరమ్మ ఇల్లు. వాకిట్లో కూర్చుని ఎండు చేపలు బాగుచేస్తోంది.

“టీచరమ్మా,” అన్నాను, “మీ ఎగతాళి వరసకి హద్దెంత?”

“హద్దా? హద్దుంటే అది ఎగతాళి వరసెలా అవుద్ది? మా పెద్దమ్మ ఒకసారి మీ సుకుమా చావింట్లో శవపేటిక మీద ఎక్కి కూర్చుంది. కోడిపుంజు చేతిలో పెట్టేదాకా దిగలేదు. శవం తాలూకు కొడుకులే బతిమాలుకున్నారు.”

“గోడ మీద కూర్చోగలరా?”

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. నా ముఖంలోకి చూసింది. తర్వాత ఆ మనిషి నవ్విన నవ్వుకి పిల్లి చేప వదిలేసి పారిపోయింది.

“మిలేంబె, నువ్వు మా కోస్తాలో పుట్టాల్సినదానివే!”

పొద్దున్న కోళ్లు దొడ్లోంచి బయటికి రాకముందే బడి వైపునుంచి కేకలు. ఊరంతా పరుగెత్తింది. మా ఆయన గోడ మీద, అన్నిటికన్నా పై వరస మీద, టీచరమ్మ అటొక కాలు ఇటొక కాలు వేసుకుని గాడిదెక్కినట్టు కూర్చుని ఉంది. నడుముకి పసుపచ్చ కంగా గుడ్డ బిగించి ఉంది. చేతిలో తాపీ.

“జప్తు!” అని అరిచింది. “లింటెల్ పైనున్న ఇటుకలన్నీ జప్తు! ఆవుల మందని తోలుకుంటూ పోయేవాళ్లకి ఇన్ని ఇటుకలెందుకు? ఇవి జరామోవాళ్లవి!” ఒక ఇటుక పెళ్లగించి కింద ఇసుకలోకి విసిరింది.

మా ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. నోరు తెరిచాడు. ఊరంతా ఆ నోటినే చూస్తోంది. మా అన్న కూడా తన దళాన్ని వెనకేసుకుని అటు నిలబడ్డాడు, ఈయన కోప్పడితే జీవితాంతం పాడుకోవడానికి పాట దొరుకుతుందని. మా ఆయన తెరిచిన నోరు అలాగే కాసేపు ఉంచి, చివరికి అన్నాడు.

“టీచరమ్మా, మెల్లగా. మీరు పడితే మీ కోస్తావాళ్లకి నేను జవాబు చెప్పలేను.”

“నేను పడను లుహెండె! ఏనుగు కూర్చున్నా కదలని గోడ కట్టావు, పిచ్చోడా. నిచ్చెన అటు తిప్పు, మహోన గోడ కూడా జప్తు చెయ్యాలి.”

జనం పకపకా నవ్వారు. నవ్వు అటు మళ్లింది. మా అన్న ముఖం చూడాలి! ఇందాకటిదాకా పాట కోసం చూస్తున్నవాడు గుటకలు మింగాడు. “రండి, రండి. దొంగలకి మావైపు నిచ్చెన బలంగానే ఉంటది” అన్నాడు గత్యంతరం లేక. అతని భుజాలు మాత్రం బరువు దింపుకున్నవాడివిలా కిందకి జారాయి. మా ఆయన మెల్లగా, ఎవరితోనో కాదు తనలో తనే అనుకున్నట్టు, “ఎగతాళి వరసవాళ్లు దోచుకుంటే పరువు పోదు కదా” అన్నాడు. “పోదు” అన్నాను నేను పక్కనుంచి.

అంతే, కట్ట తెగింది. ఆడవాళ్లం పరంజాలెక్కాం. పైనుంచి కిందకి చేయీ చేయీ అందుకుని ఇటుకలు దింపాం. ఎక్కించినప్పుడు ఎంత గోల చేశామో దించినప్పుడు దానికి రెట్టింపు చేశాం. ఎవరో డప్పు అందుకున్నారు. టీచరమ్మ జప్తు చేసిన ఇటుకలు రెండు గదుల మధ్య గుట్టపడ్డాయి. ఆవిడ దిగొచ్చి ఆ గుట్టెక్కింది.

“నా ఇటుకలు, నా ఇష్టం. వీటిని ఇక్కడే పేర్పిస్తాను. నాకు ఇద్దరు కూలీలు కావాలి. లుహెండె, అటు చివర నువ్వు. మహోన, ఇటు చివర నువ్వు. ఎవరైనా కాదంటే కోపమొచ్చినట్టే లెక్క, పుంజు పట్రండి.”

ఇద్దరూ కాదనలేదు. అటు చివరనుంచి ఒకరు, ఇటు చివరనుంచి ఒకరు, మధ్యకి కట్టుకుంటూ వచ్చారు. డప్పు ఆగిపోయింది, ఎందుకంటే ఏ దళం డప్పు కొట్టాలో ఎవరికీ తెలియలేదు. తాపీల చప్పుడొక్కటే వినిపించేది. ఇద్దరి పనితనమూ చూడముచ్చటగా ఉంది. తీరా మధ్యలో కలిసే చోట కలవలేదు. ఎవరి చేతి మట్టి వాళ్లది. ఒకరి వరస పైకి, ఒకరి వరస కిందకి.

మా ఆయన అటు చూసి, అలవాటుగా నావైపు తిరిగాడు. “మీవాడికి చె...”

నా నెత్తిన మట్టి తట్ట ఉంది. రెండు చేతులూ దానికే ఉన్నాయి. నేను ఆగకుండా ముందుకి నడిచాను.

వెనకనుంచి వినిపించింది. “బావా, నీవైపు వరస కాస్త ఎత్తుగా ఉంది. కొంచెం నొక్కు.”

ఒక తాపీ చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది.

“నీవైపే పల్లం బావా. కాస్త మట్టి ఎక్కువ పెట్టు.”

“పెట్టా. ఇప్పుడు చూడు.”

“ఆఁ, కలిసింది.”

నేను తట్ట దించడం మర్చిపోయి అలాగే మట్టి గుంట దాకా వెళ్లిపోయాను. అక్కడ మట్టి తొక్కుతున్న మా వదిన, “ఏమే, నిండు తట్ట వెనక్కి తెచ్చావేంటి?” అంది. ఏం చెప్పను? నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేశాయి.

వారం తిరక్కుండానే మధ్య గోడ మట్టానికి వచ్చింది. లారీ మలుపు తిరిగే చోట పిల్లలు పొద్దున్నుంచే కాపు కాశారు. దుమ్ము కనిపించగానే ఊరంతా ఒకటే ఈల. ఇంజనీరు దిగి, తాడు కట్టి, గోడ గోడకీ మట్టం చూశాడు. మధ్య గోడ దగ్గర ఆగి, చేత్తో తడిమాడు. “దీన్ని కట్టింది ఎవరు?” అన్నాడు. “మా కూలీలు” అంది టీచరమ్మ దర్జాగా. ఆయన లారీ వైపు తిరిగి చెయ్యి ఊపాడు, రేకులు దించమని. ఆ రేకులు ఒకదానిమీద ఒకటి పడ్డ చప్పుడు మా ఊరు విన్న డప్పులన్నిటికన్నా గొప్పది. ఆ ఏడు పోటీ ఎవరు గెలిచారని ఇప్పటికీ తగువే. కోడిపుంజులు మాత్రం టీచరమ్మే తింది, రెండు దళాలనుంచీ ఒక్కొక్కటి. ఎవరూ కోప్పడలేదు కదా, ఎందుకూ అంటే, “కోప్పడబోయారు, నేను చూశాను” అంది.

జనవరిలో కబూలా ఐదో తరగతికి వెళ్లింది. మా వాకిట్లోంచి చూస్తే దాని బడి రేకులు మెరుస్తూ కనిపించేవి.

బడి తెరిచిన రెండో వారంలో మిట్టమధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. నేను రోలు దగ్గర ఉన్నాను. మొదటి చినుకులు పెద్దవిగా, వేడి మట్టిమీద టపటపా పడ్డాయి. క్షణంలో వాన కుండలతో గుమ్మరించినట్టు దిగింది. వాగు హోరు వినిపించింది. రోకలి ఎక్కడ పడేశానో తెలియదు, నా కాళ్లు నన్నడక్కుండానే పరుగెత్తాయి. హోలో చదువుకున్న రోజుల్లో వాన పడితే ఆ కాళ్లకి అదొక్కటే దారి తెలుసు.

గట్టుమీద మా ఆయన అప్పటికే ఉన్నాడు. నిలువునా తడిసి, చేతులు కళ్లకి అడ్డం పెట్టుకుని అవతలి ఒడ్డుకి చూస్తున్నాడు. నన్ను చూసి అరిచాడు.

“నువ్వెందుకొచ్చావే?”

“మరి మీరెందుకొచ్చారు?”

 ఎర్రటి నీళ్లు మా కాళ్ల ముందు చెట్టు కొమ్మల్ని దొర్లించుకుంటూ పోతున్నాయి. అవతల మాకు ఎవరూ లేరు. మా వెనకాల, ఊళ్లోనే, రేకులమీద వాన మోగుతోంది. ఆ మోతని మించి ఐదో తరగతి పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు. చెవి పెడితే అందులో కబూలా గొంతు నాకు తెలిసిపోయింది.

అప్పుడు పొదల్లోంచి మా అన్న వచ్చాడు, ఊపిరి ఆడనంత పరుగుతో, భుజానికి తాడు చుట్ట వేసుకుని. మమ్మల్నిద్దర్నీ చూశాడు. వాగుని చూశాడు. బడి వైపు చూశాడు. తాడుని ఏం చెయ్యాలో తెలియనట్టు భుజం మార్చుకున్నాడు.

“తాడు తెచ్చాను” అన్నాడు సిగ్గుపడుతూ.

“మంచిపని చేశావు బావా,” అన్నాడు మా ఆయన, ముఖంమీద నీళ్లు తుడుచుకుంటూ. “ఇంటికి పద. దాంతో మేకని కట్టుకుపోదువుగాని. ఈసారిది బక్కది కాదు.”